బిడ్డల యెడతెగని బడలిక



ప్రొద్దెక్కినను పక్క విడువని పిల్లనుగూర్చి మన యిండ్లలో ననుకొను మాటలు మీకు తెలియనివి కావు. కుంభకర్ణుని వంశమందురు. పని యెగవేతకు నేర్చిన విద్య యందురు. ఆడపిల్ల యైనచో, రేపత్తవారింట నేమి నెగ్గుకొనివచ్చు నని మరి నాలుగు మాటలు చేర్తురు. 2023వ సంవత్సరమున నేనును ఒక పిల్లను అట్లే యంటిని. ఆ మాట యిప్పటికిని నన్ను బాధించుచున్నది గనుకనే యీ వ్యాసమును వ్రాయబూనితిని.

ఆ పిల్ల మా యక్క కూతురు. అక్కయు బావగారును చాలకాలముగ ఇంగ్లండులో పడమటి భాగమున కాపురమున్నారు. పిల్ల యక్కడనే పుట్టి పెరిగినది. 2022 చలికాలమున, పదుమూడవ యేట, దానికి గొంతునొప్పి, మెడలో బిళ్ళలు, జ్వరము వచ్చినవి. ఎప్‌స్టీన్-బార్ అను వైరసువలన కలుగు ఈ జ్వరమును అక్కడివారు గ్లాండులర్ ఫీవ రందురు. మూడు వారములకు జ్వరము విడిచెను గాని పిల్ల మునుపటి పిల్ల కాలేదు. బడినుండి వచ్చి బూట్లైన విప్పక పడుకొనెడిది. పదిగంటలు నిద్రించి లేచినను అలసట తీరెడిది కాదు. చదివిన పుటయే మరల మరల చదువవలసివచ్చెడిది. కొంతసేపు నిలుచున్నచో కన్నులు చీకట్లు క్రమ్మెడివి. నెత్తురు పరీక్షలన్నియు సరిగనే యుండెను. ఎదుగు వయస్సులో నిట్లే యుండునని యొక వైద్యుడు చెప్పి పంపెను. బడివారు మాత్రము రాని దినముల లెక్క వ్రాసి నెలనెల కొక జాబు పంపుచుండిరి.

మరుసటి జూలైలో సెలవులకు మా యింటికి వచ్చిరి. నేను పిల్లను చూచి, ఇది కదలిక లేక మొద్దుబారిన యొడలే కాని రోగము కాదని తేల్చితిని. అక్క వారించుచున్నను వినక తెల్లవారుజామున లేపి, తలంటి, కాలువగట్టు మీదుగ దేవాలయమువరకు నడిపించితిని. మొదటి దినమున నవ్వుచు నడచినది. రెండవనాడును, మూడవనాడును నడచినది. "చూచితివా యక్కా, పిల్లకు వలసినది మందు కాదు, క్రమశిక్షణ" అని నేను గర్వముతో నంటిని. నాలుగవనాడు నడకలో నొకచోట కూర్చుండిపోయినది. ఐదవనాడు లేవలేదు. వెలుతురు సహింపలేక కిటికీ మూయుమన్నది. గ్లాసెత్తి నీరు త్రాగుటకు చేయి రాలేదు. మా యమ్మ చెంచాతో పోసినది. ఇరువది దినము లట్లే పడియున్నది. విమానపు టిక్కెట్లు మార్చుకొనవలసి వచ్చెను. ఒకనాటి సాయంకాలము నేను ప్రక్కన కూర్చుండగా కన్నులు తెరువకయే, "పిన్నీ, నేను నడవనని యనలేదు గదా" అన్నది.

ఈ వ్యాధికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనియు, మయాల్జిక్ ఎన్‌కెఫలోమయిలైటిస్ అనియు రెండు పేర్లు గలవు. రెండవది నోరు తిరుగని పేరగుటచే ఎం.ఈ. అని వాడుదురు. అందరును ఎరిగిన అలసట వేరు, ఇది వేరు. మన అలసట నిద్రతో తీరును. ఈ వ్యాధిలో శ్రమించిన వెంటనే గాక, ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట దెబ్బ తగులును. ఆ దెబ్బ చేసిన శ్రమకు ఎన్నో రెట్లు పెద్దదై, దినములు, వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు నిలుచును. చక్రవడ్డీ వ్యాపారివద్ద చేసిన యప్పువంటి దనవచ్చును. తీసికొన్ననాడు సుఖముగనే యుండును. వైద్యులు దీనినే యీ వ్యాధికి ముఖ్యలక్షణముగ నెంచుచున్నారు. పెద్దవారైన రోగులచే వరుసగా రెండు దినములు సైకిలు యంత్రము త్రొక్కించి, వారు పీల్చు ప్రాణవాయువును కొలిచిన పరిశోధనలు గలవు. ఆరోగ్యవంతులు రెండవనాడును మొదటినాటి యంతయు చేయగలుగుచుండగా, ఈ రోగులలో పలువురు చేయలేకపోయిరి. నా కాలువగట్టు నడకయు నట్టి పరీక్షయే. నేనది తెలియక చేసితిని.

చిన్ననాట మా నాయనగారివద్ద సుశ్రుతసంహితలోని కొన్ని భాగములు చదివితిని. శ్రమ చేయకయే దేహమున కలుగు బడలికకు క్లమమని యందు వేరుగా నొక పేరున్నది. వ్యాయామము తన బలములో సగమువరకే చేయవలెననియు, మించినచో చెరుపు చేయుననియు కూడ నున్నది. ఆ క్లమమే యీ వ్యాధి యని నే ననజాలను. సగము బలమను మాటయు ఆరోగ్యవంతులకై చెప్పినదే. కాని ఆ రెండు సంగతులును చదివియుండికూడ నేనా పిల్లను నడిపించితిని గదా యని సిగ్గుపడుచుందును.

ఈ వ్యాధి చరిత్రలో స్త్రీలమైన మన మెరుగదగినది యొకటి గలదు. 1955 జూలైలో లండను నగరపు రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో నొక వింత జాడ్యము బయలుదేరి, 292 మంది సిబ్బందికి సోకెను. ఆసుపత్రిని అక్టోబరువరకు మూసివైచిరి. పడినవారిలో నర్సులు మొదలగు స్త్రీలే హెచ్చు. మరుసటియేట లాన్సెట్ అను వైద్యపత్రికలో దీనికి ఎన్‌కెఫలోమయిలైటిస్ అను పేరు చేరెను. పదునైదేండ్ల పిమ్మట, 1970లో, ఇద్దరు మనోవైద్యులు ఆ రోగులను స్వయముగ చూడకయే, పాత కాగితములను తిరుగవేసి, అది హిస్టీరియా యని వ్రాసిరి. రోగులలో స్త్రీలెక్కువగా నుండుటయే వారు చూపిన కారణములలో నొకటి! ప్రపంచారోగ్యసంస్థ 1969లోనే దీనిని నాడీమండల వ్యాధుల పట్టికలో చేర్చియున్నను, ఆ హిస్టీరియా మాటయే చిరకాలము నిలిచిపోయెను. ఆ మాట నీడయే మా పిల్లమీదను పడిన దని నా యభిప్రాయము.

ఇంగ్లండులో 2002వ సంవత్సరమున ప్రభుత్వ ముఖ్యవైద్యాధికారి నియమించిన సంఘము, ఇది నిజమైన వ్యాధి యనియు, పిల్లలకును వచ్చుననియు నివేదించెను. దానివలన కొన్నిచోట్ల ప్రత్యేక వైద్యశాలలు వెలసినవి. కాని 2007లో నైస్ అను సంస్థ (ఆ దేశపు వైద్యులకు నియమములు వ్రాయునది యిదియే) వ్యాయామమును క్రమక్రమముగ పెంచు చికిత్సను సమ్మతించెను. అది నష్టము చేసినదని రోగులు మొరపెట్టుకొనగా, సాక్ష్యములు మరల పరిశీలించి, 2021 అక్టోబరులో నా నియమములను మార్చివ్రాసిరి. నిర్ణీతక్రమమున వ్యాయామము పెంచు చికిత్స చేయరాదనిరి. మాటలతో చేయు మానసికచికిత్స దుఃఖభారమును తగ్గించుట కుపకరించునే కాని రోగమును కుదుర్చునది కాదనిరి. ఈ మార్పును ఒప్పని పెద్ద వైద్యులు కొంద రిప్పటికిని గలరు. వారి వాదము నేను చదివితిని. మంచమున పడియున్న పిల్లను చూచిన పిమ్మట నాకది రుచింపలేదు.

ఆ నియమముల ప్రకారము, పిల్లలయందు ఈ లక్షణములు నాలుగు వారములు నిలిచినచో అనుమానింపవలెను. మూడు నెలలు నిలిచినచో, పిల్లల ఎం.ఈ. వైద్యమునందు ప్రత్యేకానుభవముగల బృందమువద్దకు పంపవలెను. మా పిల్ల వంతు వచ్చునప్పటికి పదునాలుగు నెలలు గడచినవి.

ఆ వైద్యశాల వృత్తాంతమును అక్క నాకు ఫోనులో సవిస్తరముగ చెప్పినది. మందుల చీటీ వ్రాసి యైదు నిముషములలో పంపివేయు చోటు కాదది. పిల్లల వైద్యురాలు, అంగచికిత్స చేయునామె, దైనందినకార్యములు నేర్పునామె, మనస్తత్త్వశాస్త్రము చదివినామె యొక బృందముగా నుందురు. దాదాపు గంటన్నర మాటలాడిరి. పిల్ల పడుకొని మాటలాడుట కొక సోఫా యుంచిరి. అక్క యలవాటుచొప్పున జవాబు చెప్పబోగా వైద్యురాలు మెల్లగ నాపి, "ముందు పాపను చెప్పనిండు, తరువాత మిమ్మడిగెదను" అన్నదట. ఏడాదిలో దానిమాట నెవరైన ముందుగ వినుట అదియే మొదటిసారి.

రక్తక్షీణత, థైరాయిడు, ప్రేవుల వ్యాధులు, నెలసరి చిక్కులు మొదలైనవానిని మరల విచారించిరి. బడలికకు వేరు కారణ ముండి తప్పిపోరాదు గదా. తరువాత నొక పరీక్ష చేసిరి. పిల్లను కొంతసేపు పడుకొనబెట్టి నాడి లెక్కించి, పిమ్మట పది నిముషములు గోడ కానించి నిలువబెట్టి నిముషనిముషము లెక్కించిరి. పడుకొన్నపుడు 72 ఉన్న నాడి నిలుచున్నపుడు 118 అయ్యెను. ఈ వయస్సు పిల్లలలో నిలుచుండుటచేతనే నాడి నలువదికి మించి పెరుగుట యొక దోషము. దీనిపై మొదట దృష్టి నిలిపినవారిలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు పీటర్ రో యొకడు. ఆయన 1995లోనే, ఎడతెగని బడలికగల ఏడుగురు కౌమారవయస్కులలో నిట్టి రక్తప్రసారదోషమును కనిపెట్టి ప్రకటించెను. కన్నులు చీకట్లు క్రమ్ముటకు కారణము దొరకినది గనుక, దానికి నీరు, ఉప్పు, బిగుతైన మేజోళ్ళు, ఆపైన నొక మందు నిచ్చిరి. (వైద్యు డడుగక యెవరును పిల్లలకు ఉప్పు పెంచరాదు.) బడలిక పోలేదు గాని, కూర్చుండి భోజనము చేయగలిగినది. మూలవ్యాధికి మందు లేకున్నను, దాని ప్రక్కన చేరియున్న నిద్రలేమి, నొప్పులు, తలనొప్పి, నాడి పరుగు మొదలైనవానికి వైద్యము గలదు. వానిని వెదకి పట్టుట ప్రత్యేక వైద్యుల పనిలో సగము.

మిగిలిన సగము లెక్కలు. రెండు వారములు దినచర్య వ్రాయించిరి. ఎక్కువ శక్తి తినునవి ఎర్రరంగు, మధ్యమములు పసుపు, తక్కువవి ఆకుపచ్చ. స్నానము, మెట్లెక్కుట ఎరుపగునని మేము ఊహించితిమి. స్నేహితురాలితో ఫోనులో నవ్వులును, గణితమును, ఏడ్పును కూడ ఎరుపేనట. దేహశ్రమతోపాటు బుద్ధిశ్రమ, మనశ్శ్రమయు ఒకే సంచిలోని రూకలు. ఆ కాగితము చూడగా, ఒకదినము బాగున్నదని పిల్ల విజృంభించుటయు, తరువాతి మూడు దినములు పడియుండుటయు రంగులలో స్పష్టముగ కానవచ్చెను. చెడ్డదినమునకూడ దెబ్బతినక చేయగల పని యెంతయో దానినే ప్రతిదినమునకు కొలతగా నిర్ణయించిరి. అలసట రాకముందే విశ్రాంతి. విశ్రాంతి యనగా ఫోనుకూడ లేక, కన్నులు మూసికొని పడుకొనుట. ఒక పనిని ముక్కలు చేసి, దేహపు పనికిని బుద్ధిపనికిని నడుమ మార్పు. నిలకడ చిక్కిన పిమ్మట, పిల్లకే శక్తి యున్నదని తోచినపుడు, కొంచెము పెంచవచ్చును; దెబ్బ తగిలినచో వెంటనే తగ్గింపవలెను. ఎవరును వెనుకనుండి త్రోయరు.

దీని ఫలితముగ మొదట పిల్ల పని మరింత తగ్గిపోయెను. బడి దినమున కొక గంటకు దిగెను. పిల్లను లేపుదురని యాసతో పోయిన తల్లికి, ముందు పండుకొనబెట్టుడనుట యెంత కష్టముగ నుండునో యోచింపుడు. అక్క ఆ రాత్రి నాకు ఫోనుచేసి ఏడ్చినది. ఇంతలో వైద్యురాలు రెండవ పర్యాయము చూచునపుడు "మీరెట్లున్నారు" అని అక్క నడిగినదట. అప్పటికే అక్క యుద్యోగము మానుకొన్నది. ఆ ప్రశ్న ఏడాదిలో తన్నెవరు నడుగలేదట.

బడి సంగతి చెప్పవలెను. పిల్లలు దీర్ఘకాలము బడి మానుటకు కారణములగు జబ్బులలో ఇది ప్రధానమైనదని 1997లోనే ఇంగ్లండున నొక పెద్ద విచారణలో తేలెను. వైద్యశాలవారు బడికి జాబు వ్రాసి, ఉపాధ్యాయులతో మాటలాడిరి. తొమ్మిది విషయములకు బదు లైదు చాలుననిరి. లిఫ్టు తాళపుచెవి, ఎపుడైనను తరగతి విడిచి పోవుట కనుమతిచీటీ, పరీక్షలో నడుమ విశ్రాంతి యిప్పించిరి. నన్ను మిక్కిలి యాశ్చర్యపరచినది మరియొక నియమము. చదు వొక్కటియే పిల్ల శక్తినంతయు తినరాదట. ఇంటివారితో గడపుటకును, స్నేహితులకును కొంత మిగుల్చవలెనట. మే మెవ్వరమును దానినట్లు తలపలేదు. ఉన్న గుప్పెడు బలమును పుస్తకములమీదనే పోయించి, మిగిలినవేళ పడియుండుమంటిమి.

ఈ సంగతులు మావారికి చదివి వినిపించితిని. వారు చాలసేపు మాటాడలేదు. తమ తరగతిలో టైఫాయిడు వచ్చి తగ్గిన పిమ్మట నెలల తరబడి సరిగా రాని బాలు డొకడు ఉండెననియు, హాజరు చాలలేదని పేరు కొట్టివైచితిననియు చెప్పిరి. వాని కీ వ్యాధియే యని యెట్లు చెప్పగలము? కాని యెవ్వరు నడుగలేదు.

కోలుకొందురా యని తల్లు లడుగుదురు. ఆస్ట్రేలియాలో మెల్బొర్న్ నగరపు రాయల్ చిల్డ్రన్స్ ఆసుపత్రి వైద్యురాలు కాథరీన్ రో, 784 మంది పిల్లల గతిని ఏండ్లతరబడి కనిపెట్టి 2019లో ప్రకటించినది. అయిదేండ్లకు నూటికి 38 మందియు, పదేండ్లకు 68 మందియు కోలుకొన్నామనిరి. వ్యాధి సగటున అయిదేండ్లు నిలిచినది. ఒకరికి ఏడాది, మరియొకరికి పదునైదు. పెద్దలకన్న పిల్లలకు ఆశ హెచ్చు. కాని కొందరు మిక్కిలి జబ్బుగనే మిగిలిరి. తమకు మేలుచేసిన వేవని యడుగగా, ఆ పిల్లలు త్వరగా వ్యాధినిర్ణయము చేయుట, నమ్మి యాదరించుట, లక్షణములకు ఉపాయములు చెప్పుట, చదువుతో సంబంధము తెగకుండుట అని చెప్పిరట. అమెరికాలో చికాగోప్రాంతమున గ్లాండులర్ ఫీవరు వచ్చిన 301 మంది కౌమారవయస్కులను పరిశీలింపగా, ఆరు నెలలకు నూటికి 13 మందికి, ఏడాదికి 7 గురికి, రెండేండ్లకు నలుగురికి ఈ వ్యాధి యుండెను. రెండేండ్లకును మిగిలినవారందరును బాలికలే. కోవిడు పిమ్మట కొందరికి ఇదే లక్షణము లేర్పడుటచే, ఒకప్పుడు పెదవి విరిచిన వైద్యులును ఇప్పుడు చెవి యొగ్గుచున్నారు.

భయపడవలసిన సంగతియు నొకటి గలదు. పిల్ల బడికి రాదు, పరీక్షలలో నేమియు తేలదు, తల్లి "వ్యాయామము వల"దనును. ఇంతమాత్రమున తల్లియే పిల్లను రోగిని చేయుచున్నదని కొన్నిచోట్ల నేరము మోపి, బిడ్డల సంరక్షణాధికారులను పంపిరి. అందుకే 2021 నియమములలో, ఈ వ్యాధిలక్షణములను బిడ్డలయెడ దౌర్జన్యమునకు గుర్తులుగ పొరబడవచ్చునని హెచ్చరించి, అట్టి విచారణలో ఎం.ఈ. నెరిగినవారిని చేర్చుకొనవలెనని వ్రాసిరి. మా యక్కను బడిలో నొకామె, మీ దేశపుటాచారమున ఆడపిల్లల నింట నుంచుదురా యని యడిగెనట. వైద్యశాలవారి జాబు వచ్చిన పిమ్మట ఆ ప్రశ్న మరల రాలేదు. ఆ జా బొక్కటియే నూరు మందులపెట్టు.

ఇట్టి వైద్యశాలలు ఆ సంపన్నదేశమునందును చాలినన్ని లేవు. మంచముపట్టి కదలలేనివారి యింటికే పోయి చూడవలెనని నియమ మున్నను అన్నిచోట్ల జరుగుట లేదు. 2021లో ఇరువదియేడేండ్ల యువతి యొకతె ఈ వ్యాధి ముదిరి, ఆహారము దిగక, పోషణలేమిచే ఎక్సెటరు నగరమున మరణించినది. ఆమె మరణమును విచారించిన న్యాయాధికారిణి, తీవ్రమైన ఎం.ఈ. రోగులకై దేశమున నొక్క ప్రత్యేకమైన పడకయైన లేదని 2024లో ప్రభుత్వమునకు హెచ్చరిక పంపెను. మందుకొరకు వెదకుట సాగుచున్నది. ఎడింబరోవారు పదునైదువేలకు పైబడిన రోగుల జన్యువులను పరిశీలించి, ఎనిమిదిచోట్ల భేదములు కానవచ్చినవని 2025లో తెలిపిరి.

మా పిల్లను ఆరు నెలల కొకసారి చూచుచున్నారు. ఇప్పుడు దినమునకు రెండు తరగతులు వినుచున్నది. ఒక వసంతమున మూడింటికి పెంచి, జలుబు చేయగా మరల రెండింటికి దిగినది. స్నానమునకు చిన్న పీట వేసికొనును. ప్రతి యాదివారము నాతో పదునైదు నిముషములు మాటలాడును. అందుకై ప్రక్కన గడియార ముంచుకొనును. మొన్న నేను మా పెరటిలోని సన్నజాజి సంగతి చెప్పుచుండగా గంట మ్రోగినది. "పిన్నీ, తక్కినది వచ్చే వారము చెప్పు, మరచిపోకు" అని పెట్టివేసినది. సన్నజాజిమాట కాగితముమీద వ్రాసి గోడకు గ్రుచ్చితిని.